ల్యాబ్ ముఖం పెద్దగా చూడనివాళ్లు ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్‌కి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: తమ్ముడు కావలిలో సెకండియర్ ఎంపీసీ, ఏడాదంతా ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అంటూ థియరీ రుద్దారు, ల్యాబ్ అరకొరగా అయింది, రికార్డు ఫ్రెండ్‌ది చూసి దించేశాడు, పరీక్ష దగ్గరికొచ్చింది, ఏ ప్రయోగాలు చూసుకుంటే సరిపోతుంది అని.

నేను ఒంగోలు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ప్రాక్టికల్స్ సీజన్‌లో వేరే కాలేజీలకి ఎగ్జామినర్‌గా కూడా వెళ్తుంటాను కాబట్టి చేయించేదీ తెలుసు, మార్కులు వేసేదీ తెలుసు. "ఏవి సరిపోతాయి" అన్న ఆలోచన ముందు పక్కన పెట్టించండి. ఏది వస్తుందో చీటీలో ఉంటుంది, దాన్ని మనమేం చేయలేం. చేయగలిగింది ఒక్కటే, ప్రతి ప్రయోగానికీ రీడింగ్ ఎంత దగ్గర్లో రావాలో ఇంట్లోనే లెక్కేసి పెట్టుకోవడం. అది తెలిసిన పిల్లవాడికి మూడు గంటల పరీక్షలో ఎక్కడ తేడా కొట్టిందో మొదటి రీడింగ్‌లోనే అర్థమైపోతుంది, తెలియనివాడు టేబుల్ మొత్తం నింపి చివర్లో జవాబు చూసుకుని టెన్షన్ పడతాడు.

లఘులోలకం (దారానికి గుండు కట్టి ఊపే ప్రయోగం) తీసుకోండి. చాలా తేలిక అని అందరూ వదిలేసేది అదే, ఎక్కువ తప్పులు చూసేదీ అందులోనే. పొడవు సెంటీమీటర్లలో తీసుకుంటే 20 డోలనాలకి పట్టే సెకన్లు దాదాపు 4 × √పొడవు. అందుకని నేను మా పిల్లలతో 64, 81, 100, 121 సెం.మీ. పొడవులే పెట్టిస్తాను, అప్పుడు టైమ్ 32, 36, 40, 44 సెకన్లకి కొంచెం అటూ ఇటూ రావాలి, వర్గమూలాలు నోటికే వస్తాయి కాబట్టి కాగితం కూడా అక్కర్లేదు. 100 సెం.మీ.కి 38 సెకన్లు వచ్చిందంటే గుండు వదలగానే "ఒకటి" అని మొదలుపెట్టి "ఇరవై" దగ్గర వాచీ ఆపేశాడన్నమాట, నిజానికి అయినవి 19 డోలనాలే. "సున్నా" అని మొదలుపెట్టాలి. ఈ ఒక్క తేడాకి g (గురుత్వ త్వరణం) విలువ 978 బదులు 1084 వస్తుంది, చూడగానే మాకు తెలిసిపోతుంది. పొడవు గుండు మధ్య వరకు కొలవాలి, కొక్కెం దగ్గర ఆపకూడదు. ఫ్యాన్ కట్టేయమని అడగడానికి మొహమాటపడొద్దని చెప్పండి, ఆ గాలికి గుండు తిన్నగా ఊగకుండా గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది.

ఇంకో సంగతి, g 981 రాలేదని రీడింగులు దిద్దేవాళ్లు ఉంటారు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలున్న 14–16 డిగ్రీల అక్షాంశాల్లో అసలు విలువే సుమారు 978 సెం.మీ./సె². పుస్తకంలో ఉండే 980.665 అన్నది 45 డిగ్రీల అక్షాంశాన్ని దృష్టిలో పెట్టుకుని తీసుకున్న ప్రామాణిక విలువ. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ భూమి తిరగడం వల్లా, కేంద్రం నుంచి దూరం కాస్త పెరగడం వల్లా g తగ్గుతుంది. వైవాలో (ఎగ్జామినర్ నోటితో అడిగే ప్రశ్నల్లో) ఈ ముక్క చెప్పిన పిల్లవాణ్ణి నేను రెండో ప్రశ్న అడగను.

దొంగ రీడింగుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. ఒక కాలేజీలో (పేరెందుకులెండి) పట్టకం (ప్రిజం) ప్రయోగం వచ్చిన పిల్లలందరికీ కనిష్ఠ విచలన కోణం (కిరణం దారి మళ్లే కోణాల్లో అతి తక్కువది) సరిగ్గా 38 డిగ్రీలే వచ్చింది, గ్రాఫులు ముగ్గేసినట్టు అందంగా ఉన్నాయి. కాగితాలు తిప్పి చూస్తే ఒక్కదానికీ గుండుసూది బెజ్జాల్లేవు! పెన్సిల్ చుక్కలు పెట్టి గీతలు గీసేశారు. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు, ఏడాదిలో ఒక్కసారైనా సూది గుచ్చించినవాళ్లు లేరు. కానీ నిజంగా చేసినా ఆ దొంగ గీతలకి పట్టినంత టైమే పడుతుంది. 60 డిగ్రీల మామూలు గాజు పట్టకానికి పతన కోణం (కిరణం మొదటి ముఖం మీద పడే కోణం) 35 తీసుకుంటే విచలనం 41 దగ్గర, 50 లోపు ఎక్కడో 37–38కి దిగి, 60కి మళ్లీ 39 దగ్గరికి ఎక్కుతుంది. అంటే 35 నుంచి 60 వరకు ఐదేసి డిగ్రీల చొప్పున తీసుకుంటే వక్రం అడుగు భాగం దానంతటదే వస్తుంది. 30తో మొదలుపెట్టొద్దు, కిరణం రెండో ముఖాన్ని దాదాపు రాసుకుంటూ బయటికొస్తుంది, సూదులు చూసి వరుసలో పెట్టడానికి మెడ పట్టేస్తుంది.

మీటర్ బ్రిడ్జిలో (మీటరు పొడవు తీగతో తెలియని నిరోధం కనుక్కునే ప్రయోగం) జాకీ, అంటే తీగకి తాకించే లోహపు మొన, ముట్టుకునే ముందు కనెక్షన్లు చూసుకోవాలి. మా వైపు ఉప్పుగాలికి ఇత్తడి టెర్మినళ్లు, వైరు కొసలు చిలుము పట్టి ఉంటాయి. చిన్న ఉప్పు కాగితం (శాండ్‌పేపర్) ముక్క జేబులో వేసుకెళ్లమనండి, తోమి బిగిస్తే సగం తలనొప్పి పోతుంది. తర్వాత జాకీని తీగ ఆ చివర ఒకసారి, ఈ చివర ఒకసారి తాకించాలి, గాల్వనామీటర్ ముల్లు రెండుచోట్లా ఎదురెదురు వైపులకి కదిలితేనే ముందుకెళ్లాలి. రెండుసార్లూ ఒకే వైపు కదిలితే ఎక్కడో వైరు వదులుగా ఉంది, లేదా తప్పు చోట బిగించారు. రెసిస్టెన్స్ బాక్స్‌లో ఎంత పెట్టాలంటే సంతులన బిందువు (ముల్లు సున్నా దగ్గర నిలిచే చోటు) 40–60 సెం.మీ. మధ్య పడేంత. అక్కడ పొడవులో ఒక మిల్లీమీటరు తేడా వస్తే నిరోధంలో 0.4 శాతమే తేడా, అదే 10 సెం.మీ. దగ్గరైతే 1.1 శాతం. ఎందుకు మధ్యలో అని అడిగితే చెప్పాల్సిన జవాబు ఇదే. జాకీని తీగ మీద ఈడ్చకూడదు, ఎత్తి ఎత్తి పెట్టాలి.

అనునాద స్తంభం (గొట్టంలోని గాలి పొడవు మారుస్తూ శబ్దం పెద్దగా వినిపించే చోటు పట్టే ప్రయోగం) వస్తే 512 హెర్ట్జ్ శృతిదండంతో (ట్యూనింగ్ ఫోర్క్) మొదలుపెట్టించండి. మన ఫిబ్రవరి ఎండకి ల్యాబ్‌లో 30 డిగ్రీలుంటే ధ్వని వేగం 349 మీ./సె. చుట్టూ ఉంటుంది, అంటే మొదటి అనునాదం 16 సెం.మీ. దగ్గర, రెండోది 50 దగ్గర. ఇక్కడ మంచి పరీక్ష ఒకటుంది: రెండో పొడవు మొదటిదానికి మూడు రెట్ల కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, గొట్టం చివరి సవరణ వల్ల (ధ్వని తరంగం గొట్టం అంచు దాటి కాస్త పైదాకా వెళ్తుంది). తక్కువ వచ్చిందంటే రెండింట్లో ఏదో ఒకటి సరిగ్గా వినలేదు. శృతిదండాన్ని రబ్బరు మీద కొట్టాలి, బల్లకేసి కొడితే ల్యాబ్ అటెండర్ చేతిలో అయిపోతాడు.

కుంభాకార కటకానికి ముందు కిటికీలోంచి దూరంగా ఉన్న తాటిచెట్టో సెల్ టవరో చూసుకుని దాని ప్రతిబింబాన్ని గోడమీద పట్టాలి, కటకం నుంచి గోడకి ఉన్న దూరమే ఉజ్జాయింపు నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్). 20 సెం.మీ. వచ్చిందనుకోండి, వస్తుదూరం 30 పెడితే తెర 60 దగ్గర, 40 పెడితే 40 దగ్గర, 60 పెడితే 30 దగ్గర ఉండాలి. వెర్నియర్, స్క్రూగేజ్‌ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, శూన్యాంశ దోషం (ఏమీ పెట్టకుండానే పరికరం చూపించే రీడింగ్) ధనమైతే తీసేయాలి, రుణమైతే కలపాలి, అంతే. సిలికాన్ డయోడ్ అయితే 0.5 వోల్టుల దాకా కరెంటు దాదాపు ఏమీ ఉండదు, ఆ తర్వాత దగ్గర దగ్గరగా రీడింగులు తీసుకోవాలి, అసలు వంపు 0.6–0.7 మధ్య ఉంటుంది.

ఇక టైమ్ విషయం. పేపరు చేతికి రాగానే సూత్రం, అందులో ఏ అక్షరం ఏమిటో, ప్రమాణాలు, ఖాళీ టేబుల్ రాసేయమనండి, పరికరం ముట్టుకోకముందే. ప్రాక్టికల్ 30 మార్కుల్లో వీటికీ వాటా ఉంది, రీడింగులు కుదరకపోయినా అవి పోవు. గ్రాఫుకి స్కేలు కూడా అంచనా విలువలు చూసి ముందే ఎంచుకోవచ్చు.

ఇప్పుడు మిగిలిన రోజుల్లో చేయాల్సింది, రికార్డులో ఉన్న ప్రతి ప్రయోగానికీ ఇలాంటి అంచనా విలువలు తనే లెక్కేసి ఒక నోటుబుక్కులో రాసుకోవడం. దించిన రికార్డైనా దీనికి పనికొస్తుంది, అందులోని రీడింగులు నమ్మేట్టున్నాయో లేవో తేల్చడమే మంచి ప్రాక్టీసు. తర్వాత కాలేజీ అయ్యాక సారుని బతిమాలుకుని ల్యాబ్ తాళం తీయించుకుని మీటర్ బ్రిడ్జి, పట్టకం, అనునాద స్తంభం మాత్రం తప్పకుండా చేతులారా చేయాలి, ఈ మూడూ చదివితే వచ్చేవి కావు. లోలకానికైతే ల్యాబ్ కూడా అక్కర్లేదు, దారానికి పెద్ద నట్టు కట్టి మేకుకి వేలాడదీసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుంటే ఇంట్లోనే అయిపోతుంది. 978 దగ్గరికి వచ్చేదాకా చేయమనండి, రాకపోతే ఆ లెక్కలు ఇక్కడే కింద పెట్టండి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి చెప్తాను.