మీవాడు నీ పరువు తీయట్లేదు, అమ్మలూ

అమ్మలూ,

మీ కుక్క గురించి రాత్రి నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. "నా దగ్గర కాకుండా ఇంకెవరి దగ్గరైనా ఉంటే వీడు బాగుండేవాడేమో పెద్దమ్మా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. కుక్క మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లకే ఆ మాట వస్తుందని నాకు తెలుసు. కానీ అది నిజం కాదు, ఎందుకు కాదో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

ఎదురుగా ఒకావిడ కుక్క బుద్ధిగా పక్కనే నడుస్తూ వచ్చింది, మీవాడు లీష్ లాగేసి ఒకటే మొరిగాడు, ఆవిడ నిన్నొక చూపు చూసి వెళ్లిపోయింది, నువ్వు ఇంటికొచ్చి ఏడ్చావు. సరే. మొరిగే ముందు మీవాడు ఏం చేశాడు? చెవులు నిక్కబొడిచాడా, నోరు మూసి బిగుసుకుపోయాడా, నీ వైపు ఒకసారి తిరిగి చూశాడా? అంత పొడుగు మెసేజ్‌లో ఆవిడ ముఖం ఎలా పెట్టిందో ఉంది, ఆవిడ కుక్క ఎలా నడిచిందో ఉంది, మీవాడి గురించి మాత్రం మొరిగాడన్న ఒక్క ముక్కే ఉంది. తప్పు పట్టట్లేదు తల్లీ. పోల్చుకోవడం మొదలయ్యాక ఎవరికైనా ఇంతే, చూపు మన కుక్క మీద నుంచి జారి మనుషుల మీదకు పోతుంది, మనకు తెలియకుండానే చెయ్యి లీష్‌ను బిగిస్తుంది, ఆ బిగువు వాడి ఒంటికి తగులుతుంది, ఎదురొచ్చేదేదో ప్రమాదమే అని వాడికి ఇంకాస్త గట్టిగా అనిపిస్తుంది.

నాకూ ఇది ఆలస్యంగానే తెలిసింది. మొదటి కుక్కను పెంచుకున్న కొత్తలో డాక్టర్ దగ్గర మా వంతు కోసం కూర్చున్నాం, మాది ఒక్క చోట నిలవదు, కనిపించిన ప్రతి మనిషి దగ్గరికీ తోక ఊపుకుంటూ ఎగబడుతోంది. పక్కనే ఒక పెద్ద కుక్క బెంచీ కింద కదలకుండా పడుకుని ఉంది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను, నెలల తరబడి దాన్నే తలుచుకుని మాదాన్ని కసిరాను. కుక్క ఒళ్లు చూసి మనసు తెలుసుకోవడం కొంచెం వచ్చాక, ఆ రోజు చూసిందంతా మళ్లీ కళ్లముందుకొచ్చింది. దాని తోక కడుపు కిందికి ముడుచుకుని ఉంది. తిండేమీ లేకపోయినా మాటిమాటికీ మూతి నాక్కుంటోంది, నిద్ర రాకుండానే ఆవలిస్తోంది, తల అటు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తోంది. భయంతో కొయ్యబారిపోయింది పాపం. అలాంటి కుక్కను చూసి నేను ఈర్ష్యపడి, హాయిగా ఉన్న నా కుక్కను బాధపెట్టాను. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆవిడ కుక్క కూడా భయపడుతోందని అనను. నెమ్మదస్తురాలేమో, వయసు మీద పడిందేమో, వెనకాల మూడేళ్ల సాధన ఉందేమో. అర నిమిషంలో మనకేం తెలుస్తుంది?

ఇక ట్రైనర్ చెప్తే వింటాడు, నేను చెప్తే వినడు అన్నావే, దాని గురించి. మీవాడికి 8 నెలలు. 2020లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ పరిశోధకులు, గైడ్ డాగ్స్‌గా, అంటే చూపు లేనివాళ్లకు దారి చూపే కుక్కలుగా తయారు చేయడానికి పెంచుతున్న కుక్కపిల్లలను 5 నెలలప్పుడు, మళ్లీ 8 నెలలప్పుడు పరీక్షించిన వివరాలు బయటపెట్టారు. 8 నెలలకొచ్చేసరికి పెంచేవాళ్లు "కూర్చో" అంటే వినడం తగ్గింది, కొత్త మనిషి చెప్తే మాత్రం తగ్గలేదు. అచ్చం మీ ఇంట్లో జరుగుతున్నదే. ఏడాది వయసుకు మళ్లీ దారికొచ్చాయట. ఈడొస్తున్న పిల్లాడితో ఎలా ఉంటామో అలాగే ఉండు, చెప్పిందే చెప్పు, విన్నప్పుడు మెచ్చుకో, చెయ్యి మాత్రం ఎత్తకు.

రేపటి నుంచి ఒక పని చెయ్. ఇంకో కుక్క ఎంత దూరంలో ఉండగా మీవాడు నీ చేతిలో ట్రీట్ తినగలుగుతున్నాడో చూడు. 40 అడుగుల దగ్గర తిని, 30 దగ్గర ఆ ట్రీట్ వంకైనా చూడలేదంటే, ప్రస్తుతానికి 40 మీ హద్దు. ఆ దూరంలోనే ఉండి, వాడు ఎదుటి కుక్కను చూడగానే, ఇంకా మొరగకముందే ట్రీట్ పెట్టు. అంతకంటే దగ్గరకొస్తుంటే రోడ్డు దాటెయ్, లేదా వెనక్కి తిరిగి వచ్చెయ్, ఎవరేమనుకుంటారో అని మొహమాటపడకు. ఒకసారి రెచ్చిపోయాడా, ఇక ఆ నిమిషంలో వాడి తలకేమీ ఎక్కదు, దూరంగా తీసుకెళ్లడం ఒక్కటే పని. ఆ దూరం క్యాలెండర్ మీద రాసిపెట్టుకో, మొరిగిన రోజు కూడా రాయి. సరిగ్గా నిద్రపోని రోజు, పొద్దున్నే ఏ చప్పుడుకో బెదిరిన రోజు ఆ అంకె పెరుగుతుంది, దానికి టెన్షన్ పడకు. వాళ్లెవరో రోజూ 5 కిలోమీటర్లు నడిపిస్తారని మీవాణ్ణి లాక్కెళ్లకు, ఆగి వాసన చూస్తానంటే చూడనివ్వు, వాడి మనసు కుదుటపడేది అక్కడే. ముట్టుకుంటే ఉలిక్కిపడుతున్నా, ఉన్నట్టుండి చిరాకు పెరిగినా డాక్టర్‌కి చూపించు, నొప్పి ఉన్నా అలాగే ప్రవర్తిస్తారు.

ఆదివారం తప్పకుండా ఫోన్ చెయ్. ఆవిడ సంగతి నాకొద్దు, మొరిగే ముందు మీవాడి చెవులు ఎలా ఉన్నాయో చూసి చెప్పు.

మీ పెద్దమ్మ