ఇంటింటికీ తిరిగి ‘ఫీజు ఎలా కట్టారు’ అని అడిగే ఉద్యోగం, చేరొచ్చా?

పల్నాడు జిల్లా నుంచి ఒక అమ్మాయి రాసింది. బీఎస్సీ అయిపోయింది, మ్యాథ్స్, స్టాట్స్, కంప్యూటర్స్. చదువుల ఖర్చు మీద దేశమంతా చేసే సర్వేకి కాంట్రాక్ట్ మీద ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లని తీసుకుంటున్నారట. తన చదువు కోసం వాళ్లమ్మ గొలుసు తాకట్టు పెట్టింది, అది ఇంకా విడిపించలేదు, అందుకే ఈ పని మీద మనసు పోతోంది అంటోంది. నాన్నేమో ఆడపిల్లవి గడప గడపా తిరగడమేంటి, హైదరాబాద్ పోయి సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకో అంటున్నారట. ఏం చేయమంటారు సార్ అని అడిగింది.

చేరమ్మా. కాకపోతే ఒక్క ఏడాది అని ముందే అనుకుని చేరు, ఆ ఏడాదిలో పర్మినెంట్ ఉద్యోగానికి ప్రిపరేషన్ కూడా నడవాలి. ఎందుకో చెప్తా, నాన్నగారికి కూడా ఇది చదివి వినిపించు.

ఇది కరపత్రాలు పంచే పని కాదు. ఇలాంటి సర్వేలు చేసే కేంద్ర ప్రభుత్వ నేషనల్ శాంపిల్ సర్వే (ఎన్ఎస్ఎస్) 1950లో మొదలైంది, చదువుల మీద 2017 జూలై నుంచి 2018 జూన్ దాకా చేసిన 75వ రౌండ్‌లో, అంటే 75వ విడత సర్వేలో, దేశం మొత్తం మీద 1,13,757 ఇళ్లకి వెళ్లారు, 3 ఏళ్ల నుంచి 35 ఏళ్ల దాకా చదువుకునే ప్రతి ఒక్కళ్ల గురించీ అడిగారు. కోర్సు ఫీజు ఎంత, పుస్తకాలకెంత, బస్సుకెంత, కోచింగ్‌కెంత, స్కాలర్‌షిప్ వచ్చిందా, ఇలాంటివన్నీ. మన దేశంలో పిల్లల్ని చదివించడానికి ఇంటికి ఎంత భారం పడుతోంది అని ఎవరైనా అంకె చెప్పారంటే దాని వెనకాల ఇలా ఎండలో నడిచి వెళ్లి గుమ్మంలో కూర్చుని రాసుకున్న మనిషి ఉంటాడు.

నేనూ డిగ్రీ అయ్యాక ఏడాది ఇలాంటి సర్వేలోనే గుంటూరు చుట్టుపక్కల ఊళ్లు తిరిగా. ఒక ఇంట్లో అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, స్కాలర్‌షిప్ ఏమైనా వచ్చిందా అమ్మా అని అడిగితే ఆవిడ ‘ఒక్క రూపాయి మా చేతికి రాలేదయ్యా’ అంది, నేను రాలేదు అని రాసేసుకుని వచ్చేశా. సాయంత్రం మా సూపర్‌వైజర్ ఫారం చూసి, ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఖాతాలో పడుతుంది కదా, వాళ్ల చేతికెలా వస్తుంది, నువ్వు అడిగిన తీరే తప్పు అన్నారు. మర్నాడు మళ్లీ వెళ్లా. కూర్చుని ఒక్కొక్కటీ అడిగితే ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే కడుతోందని తేలింది, కానీ హాస్టల్, బస్సు, ఎగ్జామ్ ఫీజు, రికార్డులు అన్నీ వీళ్లవే. దానికి డబ్బు ఎక్కడిది అంటే కుట్టు మిషన్ కొంటానని డ్వాక్రా గ్రూపులో లోన్ తీసుకుని ఫీజుకి కట్టిందట, అది చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది, ఇంట్లో ఆయనకి తెలీదు. ఆ లోన్ ఏ బ్యాంకు లెక్కలోనూ చదువు అప్పు కింద కనపడదు, కుట్టు మిషన్ కిందే ఉంటుంది. ఆ విషయం కనిపెట్టగలిగేది ఎదురుగా కూర్చుని అడిగిన మనిషి ఒక్కడే.

అందుకే నీకు ఈ పని వస్తుందని నాకు నమ్మకం. గోల్డ్ లోన్ అంటే ఏంటో, ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకి వందకి రెండు, అంటే ఏడాదికి 24 శాతం అని నీకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వక్కర్లేదు. ఆంధ్రాలో రీయింబర్స్‌మెంట్ ఒకప్పుడు కాలేజీ ఖాతాలోకి, తర్వాత విద్యా దీవెన పేరుతో తల్లి ఖాతాలోకి పడింది, ఏ ఏడాది పిల్లల్ని ఎలా అడగాలో ఇక్కడ పుట్టిపెరిగిన వాళ్లకే తెలుస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది, ఎన్ఎస్ఎస్ పద్ధతిలో హాస్టల్లో ఉండే స్టూడెంట్‌ని విడిగా ఒక కుటుంబం కింద లెక్కేస్తారు, కానీ డబ్బు కట్టేది ఊళ్లో నాన్న, పిల్లాడిని అడిగితే అప్పు సంగతి సగమే తెలుసు. అమెరికాలో ఇంకోలా చేస్తారు, అక్కడ నేషనల్ పోస్ట్‌సెకండరీ స్టూడెంట్ ఎయిడ్ స్టడీ అని 1986-87లో మొదలైంది, స్టూడెంట్‌ని అడగడమే కాదు, కాలేజీ రికార్డులు, ఫెడరల్ సాయానికి పెట్టిన అప్లికేషన్, ప్రభుత్వ లోన్ రికార్డులు అన్నీ కలిపి చూస్తారు. మన సర్వే చాలావరకు ఇంట్లో వాళ్లు చెప్పే మాట మీదే నడుస్తుంది, కాబట్టి ఇక్కడ అడిగేవాళ్ల ఓపికే అసలు నాణ్యత.

ఇక నాన్నగారి భయం, అది తీసిపారేసేది కాదు. చేరేముందు ఏ మండలాలు ఇస్తారు, టీమ్‌గా పంపిస్తారా ఒంటరిగానా, టీఏ డీఏ విడిగా ఇస్తారా జీతంలోనే కలిపారా, జీతం ఏ తేదీకి పడుతుంది, ఇవన్నీ కాగితం మీద అడుగు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందు డిపాజిట్ కట్టమంటే మాత్రం ఆ ఏజెన్సీ వైపు చూడొద్దు. జనం చెప్పింది బయటపెట్టకూడదని 2008 నాటి కలెక్షన్ ఆఫ్ స్టాటిస్టిక్స్ యాక్ట్ ఉంది, ఆ డ్వాక్రా లోన్ సంగతి లాంటివి పక్కింట్లో కూడా అనకూడదు, ఇది ముందే గుర్తుపెట్టుకో.

పర్మినెంట్ దారి ఏంటంటే, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) డిగ్రీ వాళ్లకి పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు, నీకుంది. విడిగా స్టాటిస్టిక్స్ పేపర్ రాయాలి, జీతం లెవెల్ 6, నెలకి బేసిక్ 35,400 నుంచి మొదలు. ఇప్పుడు కాంట్రాక్ట్ మీద చేసే పనినే అప్పుడు ఆఫీసర్‌గా చేయించొచ్చు. ఇంకా పైకి వెళ్లాలంటే యూపీఎస్‌సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్, 21 నుంచి 30 ఏళ్ల వాళ్లకి, డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉన్నా రాయొచ్చు గానీ స్టాటిస్టిక్స్ పేపర్లు ఎమ్మెస్సీ స్థాయిలో ఉంటాయి కాబట్టి వచ్చే ఏడాది ఉస్మానియా గానీ ఆంధ్రా యూనివర్సిటీ గానీ ఎంట్రన్స్ రాయి. సర్వేలే ప్రాణం అనిపిస్తే ముంబైలో జనాభా లెక్కల మీద చదువు చెప్పే ఐఐపీఎస్ అనే సంస్థ ఉంది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూసుకునేది వాళ్లే.

సాఫ్ట్‌వేర్ కోర్సు వద్దని నేను అనను, కానీ లక్ష కట్టి ఇంకో గొలుసు తాకట్టు పెట్టి నేర్చుకోవద్దు. సర్వే లెక్కలు తీయడానికి వాడే ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, 75వ రౌండ్ డేటా గణాంక శాఖ సైట్‌లో రిజిస్టర్ అయితే ఇస్తారు, ఆదివారాలు ఆ డేటా తెరిచి ఆంధ్రా, తెలంగాణ ఇళ్లలో టెక్నికల్ కోర్సు ఖర్చు ఎంతుందో నువ్వే తీసి చూడు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే అది చూపిస్తేనే నిన్ను పక్కకి పిలిచి మాట్లాడతారు.

మొదటి రెండు రోజులు నాన్నగారిని కూడా ఊరి దాకా తీసుకెళ్లు, నువ్వు ఎవరితో ఎలా మాట్లాడుతున్నావో దూరం నుంచి చూస్తే ఆయన భయం చాలా తగ్గుతుంది. అగ్రిమెంట్ కాగితాలు వచ్చాక సంతకం పెట్టేముందు అన్ని పేజీలూ ఫొటో తీసి పంపు, జీతం, లీవు, మధ్యలో మానేస్తే ఏంటి అనే లైన్లు నేను చూసి చెప్తా.