తల పన్ను రశీదులో ఏముండేది?

ప్రశ్న: కెనడా ఒకప్పుడు చైనీయుల దగ్గర 'తల పన్ను' వసూలు చేసిందట. ఎంత కట్టేవారు? కట్టాక అందరిలా బతకనిచ్చారా?

జవాబు: పసిఫిక్ రైలు మార్గం వేసేటప్పుడు చైనా కూలీలు వేలల్లో కావలసి వచ్చారు. 1885లో ఆ పట్టాలు కలిశాయి, పన్ను చట్టమూ ఆ ఏడాదే వచ్చింది. మొదట తలకు 50 డాలర్లు. 1900 చట్టం దాన్ని 100కి, 1903 చట్టం 500కి పెంచాయి. 500 అంటే కూలీకి సుమారు రెండేళ్ల సంపాదన. ఓడలకూ కొలత పెట్టారు: 1885 చట్టం ప్రకారం ఓడ సామర్థ్యంలో ప్రతి 50 టన్నులకు ఒక్క చైనీయుడే.

కట్టినవాడికి సి.ఐ.5 అనే పత్రం ఇచ్చేవారు. పేరు, వయసు, పుట్టిన చోటు, ఎక్కి వచ్చిన ఓడ, కట్టిన సొమ్ము అన్నీ అందులో ఉండేవి. తర్వాతి వాటి మీద ఫోటో కూడా. అది హక్కుపత్రం అనుకుంటే పొరపాటే, అక్కడ ఉండనిచ్చే రశీదు మాత్రమే. భార్యను తెచ్చుకోవాలన్నా మళ్లీ 500. అందుకే ఎన్నో కాపురాలు సముద్రానికి చెరోవైపు మిగిలిపోయాయి.

1923 జూలై 1న పన్ను ఎత్తేశారు. సంతోషించకండి, తలుపే మూసేశారు. 1947 వరకు లోపలికి రాగలిగింది 50 మంది లోపే. కెనడాలోనే పుట్టిన చైనీయుల పిల్లలు కూడా పేర్లు నమోదు చేసుకోవాల్సిందే. వాళ్లకిచ్చిన సి.ఐ.45 పత్రం మీద 'దీనివల్ల కెనడాలో చట్టబద్ధ హోదా సిద్ధించదు' అని అచ్చు వేసి మరీ ఇచ్చారు! 2006లో ప్రధాని హార్పర్ క్షమాపణ చెప్పారు. బతికున్న పన్నుదారులకు, లేదా వారి భార్యాభర్తలకు 20,000 డాలర్ల చొప్పున ఇచ్చారు. ఇద్దరూ పోయినచోట పిల్లలకు ఏమీ దక్కలేదు.

ప్రశ్న: ఇప్పటి వలస నిబంధనల్లో జాతి పేరు ఉండదు కదా. వివక్షను ఎలా పసిగట్టాలి?

జవాబు: అప్పుడూ అన్నిట్లో ఉండేది కాదు. 1908లో కెనడా, వలసవచ్చేవారు సొంత దేశం నుంచి మధ్యలో ఆగకుండా నేరుగా రావాలంది. ఇండియా ఊసే లేదు, కానీ ఇండియా నుంచి అలా వచ్చే ఓడ దొరికేది కాదు. ఆస్ట్రేలియా 1901లో 50 పదాల డిక్టేషన్ పరీక్ష పెట్టింది. ఏ యూరప్ భాషలో చదివి రాయించాలో అధికారి ఇష్టం. అంటే వద్దనుకున్నవాడికి రాని భాష.

కాబట్టి రాతను పక్కనపెట్టి, ఆ షరతు నెరవేర్చడం ఎవరివల్ల కాదో చూడండి. అధికారి ఇష్టానికి ఎంత వదిలారో, కొత్త నిబంధన పాత అనుమతుల్ని కూడా రద్దు చేస్తుందో లేదో చూడండి. ఈ చివరిదే ఎక్కువ ముంచుతుంది. 1888 అక్టోబరు 1న అమెరికా చేసిన స్కాట్ చట్టంతో, తిరిగి రావచ్చని చైనా కూలీలకు తానే ఇచ్చిన సుమారు 20,000 పత్రాలు చెల్లకుండా పోయాయి. అప్పటికి చే చాన్ పింగ్ అనే కూలీ ఓడలో ఉన్నాడు. వారానికి శాన్ ఫ్రాన్సిస్కో చేరాడు, పత్రం చేతిలో ఉన్నా దిగనివ్వలేదు. 1889లో సుప్రీంకోర్టు కూడా చట్టం వైపే నిలిచింది.