ఫిన్‌హార్స్ నెమ్మదైన గుర్రమైతే దాన్ని ఇంకా పందేల్లో ఎందుకు పరుగెత్తిస్తున్నారు?

ఫిన్లాండ్‌లో రెండు చక్రాల తేలిక బండి కట్టి నడిపే ట్రాటింగ్ పందేల్లో, స్టాండర్డ్‌బ్రెడ్ అనే పందెపు జాతి గుర్రాలకంటే స్పష్టంగా వెనకబడే ఫిన్‌హార్స్‌ను, అంటే ఆ దేశపు సొంత జాతి గుర్రాన్ని, ఇంకా ఎందుకు కొనసాగిస్తున్నారని, అది కేవలం పాతదానిమీద మమకారమా అని మీరు అడిగారు. నేను తొమ్మిదేళ్లుగా ఫిన్లాండ్‌లోని ఎస్పో పట్టణంలో ఉంటున్నాను. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ కుటుంబానికి ఊరి బయట చిన్న లాయం ఉంది. రెండు శీతాకాలాలపాటు శనివారాల్లో అక్కడికి వెళ్లి పేడ ఎత్తడం, గడ్డి వేయడం, బండి కట్టేటప్పుడు చేయి అందించడం వంటి పనులు చేశాను. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

ముందుగా వేగం సంగతి. అక్కడ పందెం ఫలితాన్ని కిలోమీటరుకు పట్టిన సమయంగా రాస్తారు. మేటి ఫిన్‌హార్స్ కిలోమీటరును ఇంచుమించు 1 నిమిషం 20 సెకన్లలో పూర్తి చేస్తే, మేటి స్టాండర్డ్‌బ్రెడ్ దాదాపు 10 సెకన్లు ముందే చేరుతుంది. అయితే ఈ రెండు జాతులకూ పందేలు వేరువేరుగా పెడతారు కాబట్టి, ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చి నెమ్మదని తీర్పు చెప్పడం సరికాదని నా అభిప్రాయం. స్టాండర్డ్‌బ్రెడ్ తరతరాలుగా పరుగు కోసమే పెంచిన గుర్రం. ఫిన్‌హార్స్ మాత్రం పొలం దున్నింది, అడవిలో దుంగలు లాగింది, ఆదివారం ఇంటిల్లిపాదినీ చర్చికి తీసుకెళ్లింది, 1939-40 నాటి శీతాకాల యుద్ధంలో వేల సంఖ్యలో సైన్యం వెంట నడిచింది. ఆ పనులన్నీ చేస్తూనే గడ్డకట్టిన నదుల మీద, సరస్సుల మీద పందేలు కూడా పరుగెత్తింది. తుర్కు పట్టణంలో ఔరా నది మంచు మీద 1817లో జరిగిన పందేన్ని ఆ దేశంలో పద్ధతిగా నిర్వహించిన తొలి పందెంగా చెబుతారు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ తరువాతి చరిత్రలో ఉంది. ఈ జాతి వంశావళి పుస్తకాన్ని 1907లో ప్రారంభించారు. 1950లలో దేశంలో నాలుగు లక్షలకు పైగా గుర్రాలు ఉండేవి. ట్రాక్టర్లు పొలాల్లోకి, యంత్రాలు అడవుల్లోకి వచ్చాక రైతుకు గుర్రాన్ని మేపే అవసరం తీరిపోయింది. 1980లు ముగిసే నాటికి ఫిన్‌హార్స్‌ల సంఖ్య పదిహేను వేలకంటే దిగువకు పడిపోయింది. ఆ పతనం అక్కడితో ఆగడానికి ప్రధాన కారణం పందేలే. పొలం పని పోయిన గుర్రానికి పందెం పని దొరికింది, అందువల్ల పిల్లలను పుట్టించడానికి ఒక కారణం మిగిలింది. 1971లో వంశావళిని పని గుర్రాలు, ట్రాటింగ్ గుర్రాలు, సవారీ గుర్రాలు, పొట్టి గుర్రాలు అని నాలుగు విభాగాలు చేసినప్పటి నుంచీ ట్రాటింగ్ విభాగమే అన్నిటికంటే పెద్దది. కాబట్టి దీన్ని ఉత్త మమకారం అనడాన్ని నేను ఒప్పుకోను. ఇప్పుడు ఇరవై వేల దరిదాపుల్లో ఉన్న ఈ జాతిని నిలబెట్టింది ఆ పందేల బండే.

ఇక చూడటానికి అందులో ఏముందన్న ప్రశ్నకు వస్తాను. ట్రాటింగ్‌లో ముందు కుడికాలు, వెనక ఎడమకాలు ఒకేసారి, ఆ తరువాత మిగిలిన జత పడాలి. గుర్రం దౌడులోకి మారితే తోలేవాడు వెంటనే దాన్ని మళ్లీ ఆ నడకలోకి తేవాలి. దౌడు ఎక్కువ దూరం సాగితే పందెం నుంచి తొలగిస్తారు. గుర్రాల నడక తీరును ప్రభావితం చేసే ఒక జన్యుమార్పును శాస్త్రవేత్తలు 2012లో గుర్తించారు. స్టాండర్డ్‌బ్రెడ్ గుర్రాల్లో అది దాదాపు అన్నిటికీ ఉంటుంది గాని ఫిన్‌హార్స్‌లలో అన్నిటికీ ఉండదు. అందువల్ల ఈ జాతి కుర్ర గుర్రాలకు ఆ నడకను ఓపికగా నేర్పాలి. ఇవి ఆలస్యంగా ఎదుగుతాయి; అందుకు తగ్గట్టే పదిహేనేళ్ల వయసులో కూడా పందేల్లో కనిపిస్తాయి.

ఆ నడక ఎంత సున్నితమైనదో నాకు తెలిసింది ఒక ఫిబ్రవరి ఉదయాన. ఆ లాయంలో పదకొండేళ్ల ఆడ గుర్రం ఒకటి ఉండేది. ఈ జాతిలో నూటికి తొంభైకి పైగా ఉండే ఇటుక రంగే దానిదీ, జూలు మాత్రం ఎండుగడ్డి రంగు. బయట సున్నా కంటే 14 డిగ్రీలు తక్కువ. దాని ఊపిరి ముక్కు చుట్టూ ఉన్న వెంట్రుకల మీద తెల్లగా పేరుకుపోయింది. గిట్టల కింద మంచు ఉండకట్టకుండా లాడాలకు రబ్బరు పట్టీ, జారకుండా ఇనుప మొలలు బిగించి ఉన్నాయి. నొగలు పట్టుకుని దాన్ని బండిలోకి నడిపించడం మన జట్కా బండి కట్టినట్టే ఉంటుంది గాని, పట్టీలు చాలా ఎక్కువ. ఇద్దరు కూర్చునే సాధన బండిలో ఆవిడ పక్కన కూర్చుని, మంచు దారిలో తిన్నని చోట పగ్గాలు నా చేతికిచ్చారు. అడుగులు గడియారంలా పడుతున్నాయి. ఆ ఆనందంలో నేను పగ్గాలు వదులు చేసి అదిలించాను. మరుక్షణం లయ తెగింది, బండి ముందుకు ఎగిరింది, గుర్రం దౌడందుకుంది. ఆవిడ అరవలేదు, పగ్గాలను గుంజనూ లేదు. నా చేతుల మీదుగానే వాటిని అందుకుని, కొద్దికొద్దిగా దగ్గరకు తీసుకుంటూ, పది పన్నెండు అంగల్లో దాన్ని తిరిగి నడకలోకి తెచ్చారు. ఆ రోజు నుంచి పందెం చూసేటప్పుడు నా చూపు ముందున్న గుర్రం మీద కంటే తోలేవాళ్ల మణికట్ల మీదే ఎక్కువగా ఉంటోంది.

మీరు వేసవిలో ఇటు వచ్చేటట్టయితే 1924లో లాహ్తిలో మొదలైన కునింకూస్‌రవిత్, అంటే రాచపందేలు చూడండి. అవి ఏటా ఒక్కో ఊళ్లో జరుగుతాయి. మగ గుర్రాలు రాజు పట్టానికి, ఆడ గుర్రాలు రాణి పట్టానికి రెండు రోజుల్లో 2100, 1609, 3100 మీటర్ల దూరాలు మూడూ పరుగెత్తాలి. మూడింటి మొత్తం సమయాన్ని బట్టి విజేతను నిర్ణయిస్తారు. ఒక్క మెరుపు పరుగుతో ఆ కిరీటం దక్కదు. మొదటి రోజు అలసటను ఏ గుర్రం రాత్రికి రాత్రి దులిపేసుకుందో రెండో రోజు చివరి 3100 మీటర్లలోనే తేలుతుంది కాబట్టి, టికెట్టు ఒక్క రోజుకే కొనేటట్టయితే రెండో రోజుకు కొనండి.