చిన్ననాటి వేసవుల నేస్తం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కాలేజీ రోజుల్లో వేసవి సెలవులన్నీ కలిసి గడిపిన నా మిత్రుడు ఈమధ్యే పోయాడు. యాభై ఏళ్ల స్నేహం. నాన్న గురించి రాసివ్వమని వాళ్ల పిల్లలు అడిగారు. కూర్చుంటే ‘మంచివాడు, సరదా మనిషి’ దగ్గరే కలం ఆగిపోతోంది. ఎలా రాయాలి?

జవాబు: నాన్న మంచివాడని పిల్లలకు తెలుసు. ఇరవై ఏళ్ల వయసులో ఆయన ఎలా నడిచేవాడో, కోపమొస్తే ఏం చేసేవాడో, మిమ్మల్ని ఏమని పిలిచేవాడో వాళ్లకు తెలియదు. అది చెప్పగలిగింది మీరే. గుణాలు వదిలేసి, కళ్లతో చూసినవి, చెవులతో విన్నవి రాయండి.

పాత ఫొటోలు తీయకముందే, మిగతా మిత్రులకు ఫోన్ చేయకముందే, ఒంటరిగా కూర్చుని గుర్తున్నది కాగితం మీద పెట్టండి. ఈ వరస ముఖ్యం. ఒకే సంగతిని ఇద్దరు మాట్లాడుకుంటే, ఒకరు చెప్పిన వివరం రెండోవారి జ్ఞాపకంలోకి జొరబడుతుంది. కొన్నాళ్లకు తామే చూసినట్టు తోస్తుంది. ఆ తర్వాత ఏది మీదో, ఏది విన్నదో విడదీయలేరు. మీది రాసేశాక మిత్రులతో మాట్లాడండి. వాళ్ల మాట వేరుగా ఉంటే రెండూ ఉంచండి, ఎవరు చెప్పారో పక్కనే రాయండి.

గుర్తు రావడం లేదని దిగులు పడొద్దు. నలభై దాటినవాళ్లను జీవితంలోని సంగతులు చెప్పమంటే పదికీ ముప్పైకీ మధ్య వయసువే ఎక్కువగా చెబుతారని పరిశోధనలు తేల్చాయి. సరుకు ఉంది, దాన్ని పట్టుకునే కొస కావాలి. ఇద్దరూ ఎక్కువసేపు కూర్చున్న చోటును పెన్సిల్‌తో గీయండి. బొమ్మ బాగా రానక్కర్లేదు. తలుపు ఎటు, కిటికీ ఎటు, ఆయన ఏ వైపు కూర్చునేవాడు, చేతిలో ఏముండేది. చోటు కళ్లకు కట్టాక మాటలు వాటంతటవే వస్తాయి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు, వారం పాటు గీస్తూ రాస్తూ ఉండండి.

ఒక్కో సంగతికి ఒక్కో కార్డు వాడండి. ఎక్కడ, ఏ ఏడాది, ఎవరెవరున్నారు, ఏం జరిగింది, ఆయన ఏమన్నాడు. అన్న మాట అచ్చంగా గుర్తుంటేనే కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. ‘ఓపిక గలవాడు’ అని రాయబోయారనుకోండి. దాని బదులు ‘నా సైకిల్ చైను ఊడితే మిగతావాళ్లు ముందుకు పోయారు. తను దిగి, పుల్లతో చైను పళ్లమీదికి ఎక్కించి, గ్రీజు చేతులు గడ్డికి తుడుచుకున్నాడు’ అన్న తరహాలో మీ సంగతి రాయండి. ఓపిక అన్న మాట రాయనక్కర్లేదు.

ఇక్కడ అందరూ పొరపడే చోటు ఒకటుంది: మూడు నాలుగు వేసవులు కలిసిపోయి ఒకే వేసవి అవుతాయి. ఏ పరీక్షల తర్వాతి సెలవులు, అప్పటికి ఎవరు చదువు ముగించారు, ఉత్తరం మీద పోస్టు ముద్ర తేదీ ఏమిటి అనేవాటితో సరిచూడండి. తేలకపోతే ‘మొదటి రెండేళ్లలో ఎప్పుడో’ అని రాయండి. ఊహించి వేసిన ఏడాదిని పిల్లలు రేపు నిజమని నమ్ముతారు.

మధ్యలో మాటల్లేని కాలం ఉంటే దాచకండి. తప్పెవరిదో తేల్చకుండా ఒక వాక్యంలో చెప్పండి. ఆయన మిమ్మల్ని నమ్మి చెప్పిన రహస్యం మాత్రం మీతోనే ఉండాలి. సంస్మరణ సభలో చదవాలంటే ఐదు నిమిషాలకు రెండు కార్డులు చాలు. ముందు గడియారం పెట్టుకుని పైకి చదివి చూడండి. గొంతు పూడుకుపోయే వాక్యం ఏదో అప్పుడే తెలుస్తుంది. దాని ముందు కాస్త ఖాళీ వదిలి పెద్ద అక్షరాల్లో రాసుకోండి.

ప్రశ్న: మా సెలవుల ఫొటోలు జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయాయి. కొన్ని ఎర్రబారాయి. స్నేహితురాలి కూతురికి కాపీలు ఇవ్వాలి.

జవాబు: లాగకండి. మూల పట్టుకుని లాగితే ఫొటో పైపొర పగులుతుంది, ఆ గీత ఇక పోదు. ముందు పైనున్న ప్లాస్టిక్ కాగితం నెమ్మదిగా ఎత్తి, పేజీ మొత్తాన్ని ఉన్నదున్నట్టు స్కాన్ చేయండి. వరసా, పక్కన రాసిన పేర్లూ భద్రమవుతాయి. తర్వాత మైనం పూయని డెంటల్ ఫ్లాస్‌ను ఒక మూల కిందికి దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ ఆడిస్తూ జరపండి. ఫొటో వంగుతోందనిపిస్తే అక్కడితో ఆపండి. రానిది పేజీతోనే ఉండనివ్వండి.

పాత కలర్ ప్రింట్లలో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు చీకట్లో ఉన్నా వెలిసిపోతుంది, అందుకే ఎరుపు మిగులుతుంది. ఆల్బమ్ మూసి ఉంచినంత మాత్రాన ఆగదు కాబట్టి ఆలస్యం చేయకండి. 4×6 అంగుళాల ప్రింటును 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. పాస్‌పోర్ట్ సైజుకు 1200 పెట్టండి. నలుపు తెలుపు ఫొటోలనూ కలర్‌లోనే స్కాన్ చేయండి. అసలు స్కాన్‌ను నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచి, రంగులు సరిదిద్దడం కాపీ మీదే చేయండి. నెగటివ్‌లు దొరికితే ముందు వాటిని స్కాన్ చేయించండి, ప్రింటు కంటే వాటిలో వివరం ఎక్కువ.

ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాయొద్దు. ఒత్తిడికి అక్షరాలు ముందువైపు ఉబ్బుతాయి, సిరా పక్క ఫొటోకు అంటుతుంది. గ్రూపు ఫొటో అయితే కాపీ మీద ముఖాలకు అంకెలు వేసి, పేర్లు వేరే కాగితం మీద రాయండి.

ప్రశ్న: హాస్టల్ గదిలో మిత్రుడు పాడిన పాట ఒకే ఒక్క క్యాసెట్‌లో ఉంది. వేయాలంటే భయంగా ఉంది.

జవాబు: ఆ భయం మంచిదే. ముందు క్యాసెట్ పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, పొరపాటున కూడా దానిమీద రికార్డు కాదు. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ఇంట్లో వేయకండి, టేపులు బాగుచేసేవారికి ఇవ్వండి. టేపు వెనక మధ్యలో చిన్న ఫెల్ట్ మెత్త ఉండాలి. అది ఊడితే, ప్లేయర్‌లో టేపును చదివే భాగమైన హెడ్‌కు టేపు సరిగా ఆనదు, గొంతు మందంగా వినిపిస్తుంది. అప్పుడు స్క్రూలున్న వేరే క్యాసెట్ విప్పి, టేపు చుట్టలను అందులోకి మార్చవచ్చు.

ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి ఆరనివ్వండి. ముందు ఎందుకూ పనికిరాని క్యాసెట్ వేసి, ప్లేయర్ టేపును నమలడం లేదని చూడండి. అప్పుడు అసలుదాన్ని చివరిదాకా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిప్పితే అతుక్కున్న చుట్లు వదులవుతాయి. కీచుమంటే ఆపేయండి. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేస్తే గది శబ్దం కూడా కలుస్తుంది. ప్లేయర్ నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కు (బయటి శబ్దం లోపలికి తీసుకునే రంధ్రం) వైరు కలిపి, నాణ్యత తగ్గని వేవ్ ఫైలుగా, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో తీసుకోండి. సీ-60 (మొత్తం అరవై నిమిషాల క్యాసెట్) అయితే ఒక్కో వైపు 30 నిమిషాలు, తొందరపెట్టే దారి లేదు. బుస శబ్దం తీసే పని కాపీ మీదే చేయండి. ఎక్కువ తీస్తే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు అవుతుంది. కాస్త బుస ఉన్నా ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించడమే మేలు.

ప్రశ్న: ఉత్తరాలను లామినేషన్ చేయించమంటున్నారు. చేయించనా?

జవాబు: వద్దు. వేడికి కరిగిన జిగురు కాగితంలోకి దిగుతుంది, ఇక విడదీయలేరు. తుప్పు పట్టే పిన్నులు తీసేసి, మడతలు విప్పి, పీవీసీ అనే ప్లాస్టిక్‌వి కాకుండా పాలియెస్టర్ కవర్లలో పెట్టండి. సిరా వెలిసిపోతుంది కాబట్టి అసలు ఉత్తరాన్ని ఫ్రేము కట్టి గోడకు తగిలించకండి, తగిలించాలనుంటే దాని కాపీని తగిలించండి.