శ్రీపాదకు అమ్మను తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: ఫిబ్రవరిలో అమ్మను శ్రీలంక తీసుకెళ్దామనుకుంటున్నాం. హటన్‌లో రెండు రోజులుండి, తేయాకు తోటలు చూసి, శ్రీపాద కొండ ఎక్కాలని ఆమె కోరిక. వయసు 61. ఏటా అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్తుంది. ఈమధ్య కుడి మోకాలు కాస్త నొప్పి అంటోంది. రాత్రి రెండింటికి బయలుదేరితే సూర్యోదయానికి పైన ఉంటారని టూర్ వాళ్లు చెప్పారు. అలిపిరి ఎక్కే మనిషికి ఇదో లెక్కా అని నాన్న అంటున్నారు. ఇంతకీ కొండ మీదున్న ఆ పాదం గుర్తు శివుడిదా, బుద్ధుడిదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ నాన్నగారి మాట దగ్గరే ఆగుదాం, ఎందుకంటే నేనూ సరిగ్గా అలాగే అనుకుని మా పిన్నిని తీసుకెళ్లాను. అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కుతాం, దర్శనం చేసుకుంటాం, బస్సెక్కి కిందికి వచ్చేస్తాం. శ్రీపాద మీద బస్సు లేదు. కొండ కింది ఊరు నల్లతన్ని వైపు దారిలో మెట్లు 5,500 దాకా ఉంటాయంటారు, ఎక్కిన ప్రతి మెట్టూ మళ్లీ దిగాల్సిందే, అదీ రాత్రంతా నిద్ర లేకుండా, ఎండెక్కుతుండగా. పిన్ని ఎక్కేటప్పుడు నాకంటే ముందుంది. దిగేటప్పుడు మూడో వంతు దారి కూడా రాకముందే కాళ్లు వణికి మెట్టు మీద కూర్చుండిపోయింది, గంటసేపు లేవలేదు. ఆ గంట నాకిప్పటికీ గుర్తే. తప్పు నాదే, దిగడం గురించి నేను ఒక్క మాటైనా ఆలోచించలేదు.

కాబట్టి ముందు అమ్మగారిని మోకాలు డాక్టరుకు చూపించండి. ఆయన సరేనంటే మంగళగిరి తీసుకెళ్లండి. పానకాల స్వామి మెట్లు నడిచి ఎక్కించి, నడిచే దించండి, ఆటో వద్దు. వారం తర్వాత ఒకే రోజు రెండుసార్లు ఎక్కి దిగమనండి. మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు మోకాలు ఏమంటుందో అదే మీకు జవాబు. నొప్పి ఉంటే కొండ మానేయండి, హటన్ మాత్రం మానకండి.

వెళ్లేట్టయితే రెండింటికి బయలుదేరొద్దు. కుర్రవాళ్లకే మూడు నాలుగు గంటలు పడుతుంది, ఆవిడ సూర్యోదయం అందుకోవాలన్న టెన్షన్‌లో పరిగెత్తాల్సి వస్తుంది. రాత్రి తొమ్మిది, పదికల్లా మొదలుపెట్టండి. యాత్రాకాలం డిసెంబరు పౌర్ణమి నుంచి మే నెల వైశాఖ పౌర్ణమి దాకా, ఆ నెలల్లో దారంతా లైట్లుంటాయి, టీ కొట్లు తెరిచే ఉంటాయి, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. పౌర్ణమి రోజులు, శని ఆదివారాలు మాత్రం తప్పించండి, మెట్ల మీద క్యూ కదలదు. స్వెట్టరు, తలకు మఫ్లరు తప్పనిసరి, 2,243 మీటర్ల ఎత్తులో తెల్లవారుజామున చలి మామూలుగా ఉండదు. దిగేటప్పుడు చేతికర్ర ఇవ్వండి.

దారిలో ఇందికటుపాన అనే చోట తొలిసారి వచ్చినవాళ్లు దారం చుడతారు, బుద్ధుడు అక్కడ తన వస్త్రం కుట్టుకున్నాడని నమ్మకం. పైన గంట ఉంటుంది. ఎన్నోసారి ఎక్కితే అన్నిసార్లు కొట్టాలి, అమ్మగారు ఒక్కసారే కొడతారు. సూర్యుడు లేవగానే పడమటి వైపు తిరగమని చెప్పండి, కొండ నీడ కచ్చితమైన త్రికోణంలా మబ్బుల మీద పరుచుకుంటుంది. అందరూ సూర్యుణ్ణే చూస్తూ దాన్ని వదిలేస్తారు.

ఇక పాదం. సింహళ బౌద్ధులకు అది బుద్ధుడి ఎడమ పాదం, తమిళులకు శివుడిది (శివనొళిపాద మలై అంటారు), ముస్లింలు, క్రైస్తవులు ఆదాముది అంటారు. నన్నడిగితే ఇంట్లో వాదన ఆపి, అందరినీ ఓ ఆదివారం అమరావతి తీసుకెళ్లండి. ఆ స్తూపం శిల్పాల్లో బుద్ధుడి గుర్తుగా పాదాలే చెక్కారు, మధ్యలో చక్రంతో. నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం మాట కూడా ఉంది. అంటే ఆ దీవికీ మన కృష్ణా ఒడ్డుకీ రాకపోకలు ఈనాటివి కావు.

హటన్ నుంచి నల్లతన్ని వెళ్లే దారిలో మస్కెలియా దగ్గర జలాశయం వస్తుంది. పాత ఊరు ఆ నీళ్ల కిందే ఉంది, నీరు తగ్గితే గుడి శిథిలాలు బయటపడతాయి. సాగర్ కింద మునిగిన లోయ తెలిసినవాళ్లం కదా, అక్కడ కాసేపు బండి ఆపించండి. తోటల్లో ఆకు కోసేవాళ్లు ఎక్కువగా తమిళులు. కాఫీని తెగులు తినేశాక తేయాకు వేస్తే ఆ తోటలను నిలబెట్టింది తమిళనాడు నుంచి తీసుకొచ్చిన వీళ్ల ముత్తాతలే, అయినా 1948లో చట్టం చేసి పౌరసత్వం లేకుండా చేశారు. ఫొటో తీసే ముందు ఆ అమ్మలను ఒక్క మాట అడగండి, రెండు ముక్కల తమిళం వచ్చినా చాలు, సంతోషిస్తారు.

ప్రశ్న: హటన్ టీ పొడి తెస్తే మన పాలల్లో బాగుంటుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: హటన్ ఉన్న దింబుల ప్రాంతానికి జనవరి నుంచి మార్చి దాకా మంచి ఆకు వచ్చే కాలం. అది పాలు లేకుండా తాగితేనే తెలుస్తుంది. పాలల్లోకి కావాలంటే బీఓపీఎఫ్ అనే సన్నరకం అడగండి, డికాక్షన్ చిక్కగా దిగుతుంది. రెండూ పావు కిలో చొప్పున తెచ్చుకోండి.