ఇప్పుడు మీరేం చేస్తారు?

చెల్లాయికి,

నీ డ్రాఫ్ట్ మొత్తం చదివాను, కొన్ని పేజీలు రెండోసారి కూడా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాట్లాడుతూ డైస్ వేసి కథ నడిపే ఆట పేరైనా వినని వాళ్లని టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి, మొదటి పూటే ఆటలోకి దింపేలా తెలుగులో ఒక చిన్న అడ్వెంచర్ పుస్తకం రాయాలని నువ్వు పడుతున్న తపన చూస్తే చాలా సంతోషంగా ఉంది. పాడుబడ్డ కోట, అందులో మాంత్రికుడు, వాడి ప్రాణం ఉన్న చిలక. సరుకు మంచిది. నేను చెప్పాలనుకున్నదల్లా దాన్ని వాడిన తీరు గురించే.

నీ మొదటి పేజీలో ఇలా ఉంది: "మీరు కోట గుమ్మం దాటి లోపలికి అడుగు పెడతారు. ఆ చీకటి చూడగానే మీ గుండె దడదడలాడుతుంది. అయినా ధైర్యం కూడదీసుకుని మెట్లు దిగుతారు." కథలో అయితే వంక పెట్టడానికేం లేదు. ఆటలో మాత్రం మూడు వాక్యాల్లో మూడు నిర్ణయాలు నువ్వే తీసేసుకున్నావు. లోపలికి వెళ్లాలా, బయట కాపు కాయాలా? భయపడాలా, నవ్వాలా? మెట్లు దిగాలా, కోట చుట్టూ తిరిగి ఇంకో దారి వెతకాలా? ఇవన్నీ ఆటగాళ్లవి. వాటిని నువ్వే తీసేసుకుంటే, పాపం వాళ్లకి వింటూ కూర్చోవడం తప్ప పనేముంటుంది?

అదే చోటుని ఇలా రాసి చూడు: "కోటకి ఒక్క తలుపే మిగిలింది, అదీ ఓరగా తెరిచి ఉంది. లోపల మెట్లు కిందికి దిగుతున్నాయి. కింద ఎవరో దగ్గుతున్నారు. గుమ్మం పక్కన నెగడు ఆరిపోయింది కానీ బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. ఇప్పుడు మీరేం చేస్తారు?" తలుపు, మెట్లు, దగ్గు, బూడిద. జన్మలో ఈ ఆట ఆడనివాళ్లు కూడా వీటిలో ఏదో ఒకటి పట్టుకుంటారు. ఒకరు "ఎవరది?" అని కేకేస్తారు. ఒకరు బూడిద కెలికి ఏం కాల్చారో చూస్తానంటారు. ఆ మాట వాళ్ల నోట్లోంచి వచ్చిన క్షణానే వాళ్లకి ఆట వచ్చేసినట్టు. మిగతా రూల్స్ అన్నీ ఆ మాట తర్వాత ఏం జరిగిందో తేల్చడానికే ఉన్నాయి.

అసలు ఈ ఆట పుట్టిందే అలా. 1969లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో డేవిడ్ వెస్లీ అనే ఆయన తనతో వార్‌గేమ్‌లు, అంటే బల్ల మీద బొమ్మ సైన్యాలతో యుద్ధాల ఆటలు, ఆడే మిత్రులకి ఒక కొత్తరకం ఆట పెట్టాడు. నెపోలియన్ కాలం, బ్రౌన్‌స్టైన్ అనే ఊహాపట్టణం. సైన్యాలు నడపడం ఒక్కటే కాకుండా ఆ ఊరి పెద్దమనుషుల పాత్రలు కూడా ఆటగాళ్లకి పంచాడు. ఆట మొదలయ్యాక వాళ్లు ఆయన వేసుకున్న లెక్కలన్నీ పక్కనపెట్టి రహస్య మంతనాలు సాగించారు, ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికే దిగారు. ఆట చెడిపోయిందనే వెస్లీ అనుకున్నాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ తర్వాత బ్లాక్‌మూర్ అనే లోకాన్ని కట్టి ఆడించాడు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్ ఆయనతో చేతులు కలిపాక, 1974లో మూడు చిన్న పుస్తకాలతో డీ అండ్ డీ పెట్టె బయటికొచ్చింది. మొదట అచ్చు వేసింది వెయ్యి ప్రతులే.

ఆ మూడు పుస్తకాలూ వార్‌గేమ్‌లు తెలిసినవాళ్ల కోసం రాసినవి. తెలియనివాళ్లకి ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పితే తప్ప తలకెక్కేవి కావు. కొత్తవాళ్ల కోసం నేను రాస్తానని ముందుకొచ్చింది జె. ఎరిక్ హోమ్స్ అనే న్యూరాలజీ ప్రొఫెసర్. ఆయన కూర్చిన బేసిక్ సెట్ 1977లో వచ్చింది. కానీ నువ్వు శ్రద్ధగా చూడాల్సింది 1983లో ఫ్రాంక్ మెంట్జర్ రాసిన ఎర్రపెట్టె, అంటే ఎర్రటి పెట్టెలో వచ్చిన కొత్త బేసిక్ సెట్. అది రూల్స్ పట్టికతో మొదలవదు. నువ్వొక యోధుడివి, ఊరి దగ్గర గుహలోకి వెళ్తున్నావు అని మొదలవుతుంది. బలం గురించి చెప్పాల్సిన చోటే బలం గురించి చెప్తాడు, దెబ్బ తగిలే చోటే హిట్ పాయింట్ల గురించి, అంటే ఎన్ని దెబ్బలు తట్టుకోగలవో చూపే అంకె గురించి, చెప్తాడు. దారిలో అలీనా అనే క్లెరిక్ (దైవబలంతో మంత్రాలు వేసే పూజారిణి) కనబడి, గాయాలు మాన్పి, నాలుగు మాటలు నేర్పుతుంది. కాసేపటికి బార్గిల్ అనే మాంత్రికుడు ఆమెని చంపేస్తాడు. చిన్నప్పుడు అది చదివినవాళ్లలో ఎంతోమంది ఈ రోజుకీ బార్గిల్ పేరు ఎత్తితే పళ్లు కొరుకుతారు. రూల్స్ నేర్పుతూనే పాఠకుడికి ఒక పగ రగిలించాడంటే, చెల్లాయీ, అది గొప్ప రాతపని.

మన ఇళ్లలో రమ్మీ ఎలా నేర్పుతారో గుర్తు తెచ్చుకో. ముక్కలు పంచేసి, మొదటి ఆట అందరూ ముక్కలు తిరగేసి చూపిస్తూ ఆడతారు. నువ్వు కూడా అలాగే నేర్పు. మెట్లు దిగకుండా, గోడెక్కి పైకిటికీలోంచి చూస్తానని ఎవరో అన్నారనుకుందాం. ఆటని నడిపించే డంజన్ మాస్టర్ అంటాడు: "గోడ పాతది, రాళ్లు ఊడుతున్నాయి. ఇరవై ముఖాల డైస్ వెయ్యి." 11 పడింది. "నీ క్యారెక్టర్ షీట్‌లో గోడలెక్కే నేర్పు దగ్గర +3 ఉంది, కలుపు." 14. "నాకు 15 కావాలి." ఐదో ఎడిషన్ రూల్స్‌లో సులువైన పనికి 10, ఓ మోస్తరు పనికి 15, కష్టమైనదానికి 20. అంతే, నిమిషంలో ఆట గుండెకాయ మొత్తం వాళ్లకి తెలిసిపోయింది. ఏడు డైస్ ఒకేసారి టేబుల్ మీద పోసి ఒక్కోదాని పేరు చెప్పొద్దు. కత్తి దెబ్బ తగిలినప్పుడు ఎనిమిది ముఖాలది చేతికివ్వు, చాలు.

మరి 14 మాత్రమే వస్తే ఏమవుతుంది? "పడిపోయావు, మళ్లీ ప్రయత్నించు" అని నీ డ్రాఫ్ట్‌లో ఉంది. అది తీసెయ్. కొత్తవాళ్ల ఉత్సాహాన్ని అంతకన్నా తొందరగా చంపేది లేదు. కిటికీ దాకా ఎక్కావు కానీ ఒక రాయి ఊడి కింద పడింది, కింద దగ్గు ఆగిపోయింది అని రాయి. ఓడినా కథ ముందుకే కదలాలి. కొత్తవాళ్ల కోసం 2014లో వచ్చిన డీ అండ్ డీ స్టార్టర్ సెట్‌లోని అడ్వెంచర్ తీసి చూడు. బండి తోలుకుంటూ ఫాండాలిన్ ఊరికి పోతుంటే దారికడ్డంగా రెండు గుర్రాలు చచ్చిపడి ఉంటాయి, వాటి ఒంట్లో నల్లటి ఈకల బాణాలు. పొదల్లో గాబ్లిన్లు అనే పొట్టి రాక్షసులు నాలుగు కాచుకుని ఉంటాయి. కొత్తవాళ్లకి ఆ పోరాటం కాస్త కఠినమనే నా అభిప్రాయం. కానీ ఆటగాళ్లు ఓడిపోతే ఏం చెయ్యాలో కూడా అందులో రాసి పెట్టారు: గాబ్లిన్లు వాళ్లని స్పృహ తప్పిన స్థితిలోనే వదిలేసి, బండి దోచుకుని తమ స్థావరానికి పోతాయి. వాళ్లు లేచాక చెయ్యాల్సిన పని వాళ్లకే తెలుస్తుంది. నీ పుస్తకంలో ప్రతి పోరాటం కింద ఇలాంటి రెండు వాక్యాలు ఉండి తీరాలి.

క్యారెక్టర్ తయారీకి నువ్వు దాదాపు సగం పుస్తకం ఇచ్చావు. ఆరు సామర్థ్యాలు, జాతి, క్లాస్ (యోధుడా, మాంత్రికుడా అన్నది), నైపుణ్యాలు, మంత్రాలు, సంచిలో సామాన్లు. ఆటంటే ఏంటో తెలియనివాళ్లు వీటిలో దేన్ని చూసి ఎంచుకుంటారు? ఆ స్టార్టర్ సెట్‌లో ఐదు రెడీమేడ్ షీట్లు ఇచ్చింది అందుకే. నువ్వు కూడా ఓ ఐదు ఇవ్వు, ఒక్కోదాని నెత్తిన ఒక్కో కోరిక రాయి. "కోటలో కాపలాకి పోయిన అన్న ఇంటికి రాలేదు" అన్న ఒక్క ముక్క, నువ్వు రాసిన రెండు పేజీల వంశచరిత్ర కన్నా ఎక్కువ పని చేస్తుంది. సొంత క్యారెక్టర్ చేసుకోవాలన్న ఆశ రెండో ఆటకి దానంతటదే పుడుతుంది.

ఇక చిలక సంగతి. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందన్నది నువ్వు చివరి గదిదాకా రహస్యంగా దాచావు. అమ్మమ్మల దగ్గర కథలు విన్నవాళ్లు ఎవరైనా మొదటి అరగంటలోనే "వీడి ప్రాణం ఎందులో ఉంది?" అని అడిగేస్తారు. అడగనీ. వాళ్లకి తెలిసిన లోకం కాబట్టే పాశ్చాత్య కథల్లోని ఎల్ఫ్‌ల గురించీ డ్వార్ఫ్‌ల గురించీ పాఠం చెప్పకుండానే నువ్వు ఆట మొదలుపెట్టగలవు, ఇది నీకున్న పెద్ద బలం. రహస్యాన్ని ముందే వదిలేసి ప్రశ్నని మార్చు. చిలక మాట్లాడుతుంది. దానికి చావాలని లేదు. మాంత్రికుడంటే దానికి అసహ్యం, కానీ వాడు పోతే తనూ పోతుంది. ఇప్పుడు ఒక టేబుల్ దగ్గర గొంతు నులిమేస్తారు, ఇంకో టేబుల్ దగ్గర పంజరంతో సహా ఎత్తుకుపోయి మాంత్రికుడితో బేరమాడతారు, మరోచోట ఎవరో కళ్లనీళ్లు పెట్టుకుని ప్రాణం ఇంకోదానిలోకి మార్చే మంత్రం కోసం కోటంతా గాలిస్తారు. చిలకకి ఏం కావాలి, దానికేం తెలుసు, దేనికి భయపడుతుంది, ఈ మూడూ రాయి. ముగింపు రాయకు. నీ డ్రాఫ్ట్‌లో చివరి నాలుగు పేజీలూ అందంగా ఉన్నాయని నాకు తెలుసు. వాటిని నీ కథల పుస్తకం కోసం దాచుకో.

చిలక గొంతు నులిమే మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మొదటిసారి వచ్చినవాళ్లకి ఎక్కడ అడ్డు చెప్పొచ్చో తెలియదు. జాన్ స్టావ్రోపౌలోస్ పరిచయం చేసిన ఎక్స్ కార్డ్ గురించి ముందుమాటలో చెప్పు. ఒక కాగితం మీద ఎక్స్ గుర్తు వేసి టేబుల్ మధ్యలో పెడతారు. ఏదైనా సన్నివేశం ఇబ్బందిగా అనిపిస్తే ఎవరైనా దాన్ని ముట్టుకోవచ్చు, ఎందుకని ఎవరూ అడగరు, ఆ ముక్క తీసేసి ఆట సాగిస్తారు. పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చునే చోట ఇది తప్పనిసరి అనే నేనంటాను.

హక్కుల గురించి అడిగావు. ఐదో ఎడిషన్ మూల రూల్స్ ఉన్న 5.1 సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్‌ని డీ అండ్ డీ ప్రచురణకర్తలు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే అందరూ వాడుకోగల లైసెన్స్ కింద విడుదల చేశారు. ఎక్కడిదో పేర్కొంటే చాలు, ఆ రూల్స్ వాడి నీ పుస్తకం అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఫాండాలిన్ లాంటి వాళ్ల ఊళ్ల జోలికి మాత్రం పోకు, అవి అందులో లేవు. నీ కోట నీకుంది కదా.

రెండో డ్రాఫ్ట్ అయ్యాక నువ్వు ఆడించొద్దు. నువ్వు ఆడిస్తే కాగితం మీద లేనివన్నీ నీ నోటితో పూడ్చేస్తావు, లోపం ఎక్కడుందో నీకే తెలియదు. పుస్తకం ఇంకొకరి చేతికిచ్చి, కొత్తవాళ్లని పిలిచి, ఒక మూల కూర్చుని చూడు. ఎంత నోరు దురద పెట్టినా మాట్లాడకు. ఆడించేవాళ్లు పేజీలు వెనక్కి తిప్పిన ప్రతిచోటా గుర్తు పెట్టుకో. ఆటగాళ్లు "ఇప్పుడేం చెయ్యాలి?" అని ఒకరి మొహం ఒకరు చూసుకున్న చోట్లు వేరే రంగుతో రాసుకో. ఆ గుర్తులతో సహా డ్రాఫ్ట్ నాకు పంపు. పండక్కి ఇంటికి వస్తున్నావుగా, ఆ చోట్లన్నీ కూర్చుని సరిచేద్దాం. చిలక గొంతు నేను పలుకుతాను.

ప్రేమతో,
అక్క